మంచి ఆఫీసరు చాలడు

మన కథల్లోనూ సినిమాల్లోనూ ఉద్యోగం చేసే ఆడదానికి రెండే కష్టాలు. ఒకటి బస్సు, రెండోది ఇల్లు. బస్సులో తొక్కిసలాట, ఇంట్లో అత్తగారి సాధింపు, చంటివాడి జ్వరం, మొగుడుగారి మూతిముడుపు - వీటి గురించి మన రచయిత్రులు రాయని సంగతి లేదు. అయితే ఆవిడ పొద్దున్న పదింటికి లోపలికి వెళ్లి, సాయంత్రం ఏ ఆరింటికో వడిలిన ముఖంతో బయటికి వచ్చే ఆ భవనం ఉంది చూశారూ, దాని లోపల ఏం జరుగుతుందో మాత్రం మనకి అంతగా తెలీదు. రాస్తే గీస్తే, ఫైలు అందుకునే నెపంతో చెయ్యి తగిలించే ఆఫీసరొకడు ఉంటాడు. నాయిక లేచి వాడి చెంప ఛెళ్లుమనిపిస్తుంది. మనం చప్పట్లు కొడతాం. అంతటితో ఆఫీసు అధ్యాయం సమాప్తం.

బాలచందర్ గారి ‘అంతులేని కథ’ 1976లో వచ్చింది. జయప్రద వేసిన సరితని తలుచుకోండి. మీకేం గుర్తొస్తుంది? ఆ ఇల్లే కదూ! తాగి తిరిగే అన్న, తినడానికి ఇన్ని నోళ్లు, తేవడానికి ఒక్క జీతం. సరిత ఏ ఆఫీసులో పనిచేసేదో, అక్కడ పక్క సీట్లో ఎవరుండేవారో నాకైతే చప్పున గుర్తు రాదు. తప్పేం లేదు, ఆ సినిమా చెప్పదలుచుకున్నది ఇంటి గురించి. కానీ రోజులో ఎనిమిది గంటలు, ఒక్కోసారి పది గంటలు గడిపే చోటు గురించి ఇంత తక్కువ చెప్పుకున్నాం ఏమిటా అని మాత్రం అనిపిస్తుంది.

అందుకే నాకు సత్యజిత్ రే తీసిన ‘మహానగర్’ మీద ఒక పిసరు ఎక్కువ అభిమానం. 1963లో వచ్చిన బెంగాలీ సినిమా. నరేంద్రనాథ్ మిత్ర రాసిన ‘అవతరణిక’ అనే కథ దీనికి ఆధారం. మరుసటి ఏడాది బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడిగా రేకి వెండి ఎలుగుబంటి బహుమతి తెచ్చిపెట్టింది. మన జయా భాదురి మొట్టమొదట తెర మీద కనిపించిందీ ఇందులోనే, చదువుకునే ఆడపడుచు వేషంలో. కలకత్తా మధ్యతరగతి ఇల్లు, ఇరుకు గదులు, వంటింటి పొగ - భాష రాకపోయినా మనిళ్లలాగే ఉంటాయి.

చూడనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. సుబ్రత బ్యాంకులో గుమాస్తా. భార్య ఆరతి - మాధవి ముఖర్జీ వేసింది. చిన్న కొడుకు, సుబ్రత తల్లిదండ్రులు, చెల్లెలు. ఒక్క జీతం మీద బండి నడవడం లేదు. ఆరతి ఉద్యోగంలో చేరుతుంది. అల్లిక మెషీన్లు అమ్మే కంపెనీ. కలవారి ఇళ్లకు వెళ్లి, తలుపు తట్టి, మెషీను ఎలా పనిచేస్తుందో చూపించి అమ్మాలి. రిటైరైన బడిపంతులు మామగారికి కోడలు సంపాదించడం నచ్చదు. ఆ డబ్బు ముట్టుకోవడం ఆయనకి నామర్దా. తన పాత శిష్యుల దగ్గరికి వెళ్లి కళ్లజోడు ఇప్పించమనడానికి మాత్రం అభ్యంతరం లేదు! మొగుడికి మొదట్లో బాగానే ఉన్నా, పెళ్లాం ముఖంలో కొత్త వెలుగు చూసేసరికి లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. మానెయ్యమని రాజీనామా కాగితం తనే రాసి ఇస్తాడు. ఆవిడ ఆ కాగితం ఇచ్చేలోపే ఈయన బ్యాంకు దివాలా తీస్తుంది. ఇంకేం, రాజీనామా ఇవ్వకు అని ఫోను. కాగితం ఆరతి చేతిసంచీలోనే ఉండిపోతుంది.

ఆరతితో పాటు పనిచేసే అమ్మాయి ఈడిత్. ఆంగ్లో ఇండియన్. లిప్‌స్టిక్ వేసుకోవడం ఆరతికి నేర్పింది ఈడితే. ఆ అమ్మాయి జబ్బు చేసి సెలవు పెడుతుంది. తిరిగి వచ్చేసరికి యజమాని ముఖర్జీ, జబ్బూ లేదు గిబ్బూ లేదు, ఎక్కడో తిరిగి ఉంటావు అన్న ధోరణిలో మాట్లాడి, నడతకి మచ్చ అంటగట్టి ఉద్యోగం పీకేస్తాడు. ఈడిత్ కన్నీళ్లు చూసిన ఆరతి నేరుగా యజమాని గదిలోకి వెళుతుంది. ఆ పిల్లకి క్షమాపణ చెప్పమంటుంది. ఆయన నీ ఉద్యోగం సంగతి చూసుకో అని హెచ్చరిస్తాడు. ఆరతి చేతిసంచీ తెరిచి, మొగుడు ఎప్పుడో రాసిచ్చిన ఆ రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి వచ్చేస్తుంది.

ఈ సినిమా గురించి రాసినవాళ్లు ఎక్కువగా గడప దాటిన స్త్రీ గురించే రాశారు. లిప్‌స్టిక్కు, చల్లకళ్లద్దాలు, మొదటి జీతం నోట్లు చేతిలో పట్టుకుని అద్దంలో తనని తను చూసుకునే ఆ క్షణం - వీటి గురించి ఎంత రాసినా తక్కువే. కాదనను. కానీ నన్నడిగితే ఈ సినిమా గుండెకాయ ఇంట్లో లేదు. యజమాని గదిలో ఉంది. ఆఫీసులో మనిషి మనసుకి రక్షణ అంటే ఏమిటన్న ప్రశ్న, దానికి పెద్ద పెద్ద పేర్లు పుట్టకముందే, ఆ గదిలో బల్లకి ఇవతల నిలబడి ఒక మధ్యతరగతి కోడలు అడిగేసింది.

ఇక్కడ రే చేసిన గొప్ప పని ఒకటుంది. ముఖర్జీని దుర్మార్గుడిగా చూపించలేదు. మన సినిమాల్లో అయితే ఆయనకి ఒక చుట్టా, ఒక వెకిలి నవ్వూ తగిలించేవాళ్లం. ఇక్కడ ఆయన మర్యాదస్తుడు. ఆరతితో ఒక్క అసభ్యపు మాట అనడు. ఆవిడ పనితనాన్ని మెచ్చుకుంటాడు, జీతం పెంచుతాడు. మొగుడి ఉద్యోగం పోయిందని తెలిసి, నేను చూస్తాలే అంటాడు. సుబ్రతా ఆయనా మాట్లాడుకుంటే ఇద్దరిదీ తూర్పు బెంగాల్లో ఒకే జిల్లా అని తేలుతుంది. ఇంక చెప్పాలా! ‘ఏ ఊరండీ మీది? అరే, మావాళ్లే!’ అన్నాక మనలో పుట్టే ఆ ఆప్యాయత తెలుగువాళ్లకు కొత్తా?

అంచేత ఆరతి ఆ రోజుల్లో ఏ స్నేహితురాలికైనా ఉత్తరం రాసి ఉంటే, ‘మా బాసు దేవుడే తల్లీ’ అని రాసి ఉండేది. అబద్ధం కాదు కూడా. అదే గదిలో, అదే కుర్చీలో కూర్చున్న అదే మనిషి ఈడిత్‌కి మాత్రం దేవుడు కాలేదు. ఎందుకంటే ఈడిత్ వాళ్ల జిల్లా కాదు, వాళ్ల భాష కాదు, వాళ్ల మతం కాదు. ఆ జాతి ఆడపిల్లలంటే ఆయన మనసులో ముందే ఒక చులకన ఉంది. జబ్బు చేసిందని ఆరతి చెబితే జ్వరం తగ్గిందా అని అడిగేవాడు. ఈడిత్ చెబితే ఎక్కడికి పోయావని అడిగాడు.

మంచి ఆఫీసరు దొరకడం అదృష్టమే. నేనేం కాదనడం లేదు. కాకపోతే ఆయన మంచితనం మన మొహం చూసి పెట్టిన ప్రసాదం అయినప్పుడు, దాన్ని నమ్ముకుని నిద్రపోవడానికి వీల్లేదు. ఇవాళ మనకి పెట్టినాయన రేపు మానెయ్యవచ్చు. పక్కనున్న పిల్లకి అసలు పెట్టకపోవచ్చు. అది కళ్లారా చూస్తూ మన ప్రసాదం మనం కళ్లకద్దుకు తినడం ఎలా? ఆరతికి మింగుడు పడనిది అదే.

ఇంతకీ నోరు విప్పడం అంత కష్టమా అంటే, చాలా కష్టం. దానికి యజమాని కోప్పడనక్కరలేదు, భయం ఒక్కటీ చాలు. మాస్కో నుంచి చవగ్గా తెలుగు పుస్తకాలు వచ్చిన రోజుల్లో రష్యన్ కథలు చదివినవాళ్లకి చెహోవ్ కొత్తవాడు కాదు. 1883లో ఆయన ఒక గుమాస్తా కథ రాశాడు. ఆ గుమాస్తా పేరు చెర్వ్యకోవ్ - రష్యన్‌లో పురుగుకున్న మాట లోంచే ఆ పేరు పుట్టింది. నాటకశాలలో కూర్చుని ఉండగా తుమ్మొస్తుంది. ఆ తుంపర్లు ముందు వరసలో కూర్చున్న ఒక పెద్ద అధికారి బట్టతల మీద పడతాయి. పాపం ఆ అధికారి ఫరవాలేదు లెమ్మంటాడు. మనవాడికి నమ్మకం కుదరదు. మళ్లీ క్షమాపణ. విరామంలో ఒకసారి. మర్నాడు ఆఫీసుకి వెళ్లి ఒకసారి. ఆ మర్నాడు ఇంకోసారి. చివరికి ఆయనకి విసుగెత్తి ఫో అవతలికి అని అరుస్తాడు. గుమాస్తా ఇంటికొచ్చి, ఆఫీసు దుస్తులైనా విప్పకుండా సోఫా మీద పడుకుని చచ్చిపోతాడు.

చదువుతుంటే నవ్వొస్తుంది. నవ్వే కథే. అయితే అందులో ఒక చిన్న ముక్క ఉంది, చాలామంది దాటేసి పోతారు. ఆ పెద్దాయన ఇతని శాఖవాడే కాదు! వేరే శాఖ. ఇతని జీతం, సెలవు, ప్రమోషను ఏదీ ఆయన చేతిలో లేదు. అయినా అధికారం అనేదాని ముందు వంగి వంగి ఆ మనిషి వెన్ను ఎంత అరిగిపోయిందంటే, ఫరవాలేదన్న మాట చెవిలోకి వెళ్లినా బుర్రలోకి ఎక్కలేదు. మనలోనూ ఉన్నారు చెర్వ్యకోవమ్మలు. ‘సారు ఇవాళ గుడ్ మార్నింగుకి తిరిగి పలకలేదు’ అని రాత్రి పన్నెండు దాకా పక్క మీద దొర్లే అమ్మాయిల్ని నేనెరుగుదును. వాళ్లని చూసి ‘ఇంత సున్నితమైతే ఎలాగమ్మా, ఉద్యోగం అన్నాక పడాలి’ అనేస్తాం. సున్నితం పిల్లది సరే, ఆ పిల్లని అంత భయపెట్టిన చోటు మాటేమిటి?

ఈ భయానికి ఆఫీసు చెల్లించే ఖరీదు ఏమిటో వంటింట్లోంచి చూస్తే బాగా తెలుస్తుంది. ఆవకాయ జాడీలో ఎవరో తడి గరిటె పెట్టారనుకోండి. పెట్టిన పిల్ల ఆ పూటే వచ్చి, ‘అత్తయ్యా, చూసుకోకుండా తడి గరిటె పెట్టానండీ’ అంటే, తడి తగిలినంత మేర పైపైన తీసేసి, కాస్త నువ్వులనూనె పోస్తే జాడీ దక్కుతుంది. చెబితే ఆరు నెలలు దెప్పుతారని తెలిసిన పిల్ల నోరెత్తదు. పదిహేను రోజులకి మూత తీసేసరికి బూజు. ఏడాది ఊరగాయ వీధిపాలు. అప్పుడు ఇల్లంతా పంచాయితీ - ఎవరు పెట్టారు, ఎవరు పెట్టారని. దెప్పే ఇంట్లోనే ఊరగాయలు ఎక్కువ పాడవుతాయి. దెప్పని ఇంట్లో ‘తడి గరిటె పెట్టాను’ అన్న మాట ఎక్కువ వినపడుతుంది.

నేను సరదాకి అంటున్నాననుకుంటారేమో. అమెరికాలో ఏమీ ఎడ్మండ్‌సన్ అనే ఆవిడ ఆస్పత్రుల్లో సరిగ్గా దీన్నే చూసింది. రోగులకు మందులివ్వడంలో నర్సుల జట్లు చేసే పొరపాట్ల లెక్క తీసింది. బాగా కలిసి పనిచేసే జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంది. తీరా చూస్తే అక్కడే ఎక్కువ లెక్క తేలింది! ఆవిడ తెల్లబోయింది. ఆరా తీస్తే తెలిసిందేమంటే, మంచి జట్లలో పొరపాటు జరిగితే పైకి చెప్పుకుంటున్నారు, దిద్దుకుంటున్నారు. భయం ఉన్నచోట దాచేస్తున్నారు. ఆ పరిశోధన 1996లో అచ్చయింది. 1999లో రాసిన ఇంకో వ్యాసంలో, జట్టులో నోరు విప్పి అడిగినా, తప్పు ఒప్పుకున్నా, తెలియదన్నా తలవంపులు ఉండవన్న నమ్మకం గురించి ఆవిడ వివరంగా రాసింది. దాన్నే ఇవాళ ఇంగ్లీషులో సైకలాజికల్ సేఫ్టీ అంటున్నారు. మనం మనసుకి భరోసా అనుకుందాం. ఆస్పత్రిలో అయితే దాచిన తడి గరిటె ఖరీదు ఒక జాడీ ఊరగాయ కాదు, ఒక ప్రాణం.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. ఈమధ్య పెద్ద కంపెనీల్లో మనసు ఆరోగ్యం గురించి బోలెడు మాట్లాడుతున్నారు. గోడల మీద పూలబొమ్మలు, నవ్వమని సూక్తులు, యోగా క్లాసులు. నా స్నేహితురాలి కూతురు హైదరాబాదులో ఒక కంపెనీలో చేస్తోంది. మొన్న పండక్కి వచ్చినప్పుడు అడిగాను.

“మా ఆఫీసులో వారానికోసారి ధ్యానం నేర్పిస్తారు పిన్నీ” అంది.

“మంచిదే కదే!”

“మంచిదే. కానీ ఆ గంట పని పూడ్చడానికి రాత్రి ఇంకో గంట కూర్చోవాలి. కూర్చోలేనంటే, ‘నువ్వు టెన్షన్ తట్టుకోలేకపోతున్నట్టున్నావ్, వచ్చే వారం కూడా ధ్యానానికి రా’ అంటాడు మా మేనేజరు.”

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వాక అనిపించింది, ఇదీ చెహోవ్ రాయదగ్గ కథే. ధ్యానం మీద నాకేం పగ లేదు, కళ్లు మూసుకుంటే నాకూ హాయిగానే ఉంటుంది. కానీ నిప్పు మీద గిన్నె పెట్టి, గిన్నెకి ఓర్పు నేర్పిస్తానంటే ఎలా? పొయ్యి సెగ తగ్గించేవాడు ఎవడో ఉండాలిగా! ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో ఇచ్చిన సిఫారసుల్లో ఉద్యోగుల్ని ఓర్చుకోమని చెప్పి వదిలెయ్యలేదు. పనిభారం, పనివేళల్లాంటి వాటిలో సంస్థే మారాలనీ, మేనేజర్లకి ఈ విషయంలో శిక్షణ ఇవ్వాలనీ చెప్పింది. దిగులు, ఆందోళన జబ్బుల వల్ల ప్రపంచం ఏటా పోగొట్టుకుంటున్న పనిదినాలు సుమారు 1,200 కోట్లని ఆ సంస్థ లెక్క. డబ్బు భాష తప్ప వేరే భాష రాని యజమానులకైనా ఈ అంకె అర్థం కావాలి.

తిరిగి ‘మహానగర్’ దగ్గరికి. ఇంతసేపూ మెచ్చుకున్నాను కాబట్టి నాకున్న పేచీ కూడా చెప్పాలి. ఆరతి రాజీనామా ఇచ్చి మెట్లు దిగి వస్తుంది. కింద మొగుడు ఎదురవుతాడు. మొదట నిర్ఘాంతపోయినా, నువ్వు చేసిందే సరైనదంటాడు. ఇంత పెద్ద ఊళ్లో ఇద్దరిలో ఒకరికైనా పని దొరక్కపోతుందా అన్న ఆశతో ఇద్దరూ జనంలో కలిసిపోతారు. మన కళ్లు చెమరుస్తాయి. బాగుంది. ఆ తరవాత పైన ఆ గదిలో ఏం జరిగి ఉంటుందో మీరెప్పుడైనా ఆలోచించారా? నాకు తోచింది చెబుతాను. ముఖర్జీ గంట కొట్టి కాఫీ తెప్పించుకుని ఉంటాడు. రెండు ఖాళీలున్నాయని పేపర్లో ప్రకటన ఇచ్చి ఉంటాడు. మిగిలిన అమ్మాయిలు ఆ రోజు ఇంటికెళ్లి, ‘ఆరతి గుండె నిబ్బరం మనకెక్కడిదే, నోరుమూసుకుని పని చేసుకుందాం’ అనుకుని ఉంటారు. ఈడిత్‌కి క్షమాపణ అందలేదు. ఉద్యోగమూ తిరిగి రాలేదు.

అంటే ఆ ఆఫీసుకి ఏమీ కాలేదన్నమాట. మారింది ఆరతి, ఆరతి మొగుడు. దర్శకుడు ఒక వ్యక్తి ధైర్యం చూపించాడు, గొప్పగా చూపించాడు. కానీ ధైర్యం ఖరీదైన సరుకు. అది సంచీలో పెట్టుకుని ప్రతి ఆడదీ ఆఫీసుకి వెళ్లలేదు. ఇంటద్దె ఉంది, పిల్లవాడి ఫీజు ఉంది, అమ్మ మందులున్నాయి. న్యాయం అడగాలంటే నెల జీతం వదులుకోవాల్సిందే అన్నచోట నూటికి ఒక్క ఆరతి ఉంటుంది. మిగతా తొంభైతొమ్మిది మందిని పిరికివాళ్లనడానికి నాకు మనసొప్పదు. వీరనారి అవసరం పడకుండా నడిచే ఆఫీసు కదా మనకి కావలసింది!

ఆరతిలాగే సరుకులు అమ్మే ఆడవాళ్లే కేరళలో దీనికి ఇంకో ముగింపు రాశారు. ఆ ముగింపు సినిమాలో లేదు, చట్టంలో ఉంది. బట్టల దుకాణాల్లో పనిచేసే అమ్మాయిల్ని మీరూ చూసే ఉంటారు. చీర మీద చీర విప్పి చూపిస్తూ పొద్దుణ్ణుంచి రాత్రి దాకా నిలబడే ఉంటారు. బేరం లేని వేళ కూడా కూర్చోనివ్వరు. కోళిక్కోడ్‌లో అలాంటి అమ్మాయిలు, దర్జీ పని చేసే విజి అనే ఆవిడ చొరవతో, ‘పెణ్‌కూట్టు’ అని ఒక సంఘంగా కూడారు. మరుగుదొడ్డి కావాలన్నారు. కూర్చోవడానికి స్టూలు కావాలన్నారు. విన్నవాళ్లు నవ్వి ఉంటారు, స్టూలు కోసం ఉద్యమమా అని. కానీ రోజంతా నిలబడ్డ మనిషికి నొప్పి కాళ్లతో ఆగదు. బాత్రూముకి వెళ్లాలంటే బతిమాలుకోవలసిన చోట మనసు మాత్రం కుదురుగా ఎలా ఉంటుంది? ఏళ్ల తరబడి అడిగారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి పని చేసేవాళ్లకి కూర్చునే వీలు కల్పించాలంది. 2021లో తమిళనాడూ అదే దారి పట్టింది. అక్కడ ఎవరో ఒక్కరు రాజీనామా ఇచ్చి వెళ్లిపోయి ఉంటే స్టూలు వచ్చేదా?

అంతకుముందు సంగతి ఇంకా బరువైనది. రాజస్థాన్‌లో భఁవరీ దేవి అనే ఆవిడ ప్రభుత్వం వారి స్త్రీ అభివృద్ధి కార్యక్రమంలో పనిచేసేది. బాల్యవివాహాలు ఆపడం ఆవిడ విధుల్లో ఒకటి. ఆ పని చేసినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు అత్యాచార నేరం లేదని నిందితుల్ని వదిలేసింది. స్త్రీ సంఘాలు ఊరుకోలేదు. ఆ తీర్పుకి ముందే ఉద్యోగం చేసే ఆడవాళ్లందరి తరఫునా సుప్రీంకోర్టుకి వెళ్లాయి. 1997లో విశాఖ తీర్పు, దాని మీదట 2013లో చట్టం వచ్చాయి. పదిమందీ అంతకు మించీ పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షత స్త్రీయే వహించాలి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా స్త్రీలుండాలి, బయటి మనిషి ఒకరుండాలి. అంతకన్న చిన్నచోట్ల పనిచేసేవాళ్ల కోసం జిల్లాకో కమిటీ. బయటి మనిషి ఎందుకంటారా? యజమాని ‘మా జిల్లావాడే’ కాని మనిషి ఒకరుండాలని!

ఇదంతా లైంగిక వేధింపులకు వర్తించే చట్టం. సెలవు పెడితే అనుమానించడం, పదిమందిలో ‘బుర్ర ఉందా’ అనడం, అర్ధరాత్రి మెసేజీ పెట్టి పొద్దున్నే జవాబేదని నిలదియ్యడం - ఇవేవీ అందులోకి రావు. ఇవి నలుగురూ కలిసి ‘ఇది బాలేదండీ’ అంటే తప్ప మారవు. ఆ ‘ఇది బాలేదండీ’ అనడానికి ఒక బల్ల, ఒక వేళ, విన్నాక కక్షగట్టరన్న హామీ ఉండాలి. ఉద్యోగం వదులుకోకుండానే అడగగలగాలి. ‘మహానగర్’ అడిగిన ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇంతే.

ఈ పని ఆఫీసులో ఉన్నవాళ్లదే అనుకోకండి, ఇంట్లో కూర్చున్న మనకీ కొంత వాటా ఉంది. పిల్ల సాయంత్రం వాడిపోయి వస్తే, ‘మా రోజుల్లో ఎన్ని పడలేదూ’ అని మొదలుపెట్టకుండా కాసేపు వినడం ఒకటి. నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, చచ్చిపోవాలనిపిస్తోందన్నా దాన్ని ‘పొగరు’ అనో ‘దిష్టి’ అనో కొట్టిపారెయ్యకుండా డాక్టరుకి చూపించడం రెండోది. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం వారి టెలి మానస్ ఉంది. 14416కి ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు వంటింటి క్యాలెండరు మీద, గ్యాసు నంబరు పక్కన రాసి పెట్టుకోండి. ఎవరికి ఎప్పుడు పనికొస్తుందో తెలీదు.

సినిమా ఆఖర్న ఆరతీ సుబ్రతా జనంలో మాయమయ్యాక కెమెరా పైకి లేచి ఒక వీధిదీపం దగ్గర ఆగుతుంది. స్తంభానికి రెండు దీపాలు. ఒకటే వెలుగుతూంటుంది. దీని మీద పెద్దలు రకరకాల వ్యాఖ్యానాలు చేశారు. మొగుడూ పెళ్లాల్లో ఒకరికి ఉద్యోగం దొరుకుతుందన్న ఆశకి గుర్తు అన్నారు కొందరు. నాకు మాత్రం ఆ వెలగని దీపం చూసినప్పుడల్లా ఈడిత్ గుర్తొస్తుంది. ఆఖరి దృశ్యంలో ఆరతి ఉంది, ఆరతి చెయ్యి పట్టుకోవడానికి మొగుడున్నాడు. ఈడిత్ లేదు. ఆ పిల్ల ఆ రాత్రి ఏ దారిన, ఎవరితో ఏం చెప్పుకుంటూ ఇంటికి వెళ్లిందో కథ మనకి చెప్పలేదు.

రేపు మీరు ఆఫీసుకి వెళ్లినప్పుడు, మీ బాసు మీతో ఎంత మంచిగా ఉన్నా సరే, ఒక్కసారి చుట్టూ చూడండి. ఆ గదిలో ఈడిత్ ఎవరో కనిపెట్టండి. కనిపెట్టాక, మధ్యాహ్నం డబ్బా విప్పేటప్పుడు ఆ పిల్ల పక్కన కూర్చోండి.